ఇరవై నాలుగు ఫిల్సులు

నా పర్సుల మూడు కార్డులున్నయి.
పచ్చది పదిహేను వందలు,
నీలిది వెయ్యి,
బంగారు రంగుది, పేరుకే బంగారం, రెండు వేల దిర్హాములు.
మూడు కలిపినా
షార్జా రోలా గల్లీల
ఒక్క మంచం కిరాయికి ఆరు నెలలు రావు.

పచ్చదాన్ని మాల్ల నిలబడి అంటగట్టింది మారిసెల్ అనే పిల్ల.
నన్ను సర్ అన్నది.
లిఫ్టు గుంతల కెళ్లి అప్పుడే ఎక్కి వచ్చిన,
ఆమె పెన్నుకు నా వేళ్ల గ్రీజు అంటింది.
తుడుసుకోలే. నవ్వింది.
ఆ నవ్వుకే సంతకం పెట్టినట్టున్న.

కార్డు చేతికొచ్చిన్నాడు
ఉబ్బెత్తు అక్షరాలు వేలితోని తడిమి చూసిన.
పాస్‌పోర్టుల ఉన్నట్టే ఉన్నది: రాజలింగం పోశెట్టి.
పోశెట్టి మా నాయిన.
సొసైటీల రెండు బస్తాల యూరియా ఉద్దెరడిగితే
ఇద్దరి జమానతు తెమ్మని వాపస్ పంపిన పోశెట్టి
ప్లాస్టిక్ మీద
వెండి రంగుల మెరుస్తున్నడు.

పై మంచం ఇస్మాయిల్ భాయ్‌ది కోరుట్ల.
ఇరవై రెండేండ్ల సంది ఈడనే.
"గది పైస కాదు తమ్మీ, పరీక్ష.
మూడొంతులల్ల ఒక్క వంతు దాటి గీకకు.
గీకకుంట కూడా ఉండకు.
అప్పు లేనోడు మనూళ్లె షావుకారి,
ఈడ అప్పు లేనోడు
అసలు లేనోడే."

పచ్చదాంతోని ఫోను రీచార్జి.
నీలిదాంతోని కందిపప్పు, ఉల్లిగడ్డ, ఖుబూస్.
బంగారుదాన్ని బస్సుకు తప్ప ముట్ట.
మూడో తారీఖు, పదకొండు, ఇరవై నాలుగు:
మంచం పక్క గోడకు తెల్ల టేపంటించి రాసుకున్న.
జీతం తారీఖు రాయలే,
అది కంపెనీకే ఎరుక లేదు.

సుగుణ ఫోన్ల అడిగింది, అప్పులెన్ని అని.
మూడు అన్న.
ఏడుస్తదేమో అనుకున్న.
"సంఘంల నాకు రెండున్నయి,
ఒక్క వాయిదా తప్పలే" అన్నది.
ఇద్దరం జరసేపు
ఎవరి తారీఖులు వాళ్లు చెప్పుకున్నం,
పిల్లల ముచ్చట మరిచిపోయి.

ఇరవై నాలుగు రాత్రి.
అల్ నహ్దాల పద్దెనిమిదంతస్తుల బిల్డింగు,
లిఫ్టు ఇరుక్కున్నది, లోపల తల్లీ బిడ్డ.
బ్రేకు లీవరు పట్టి
బెత్తెడు బెత్తెడు దించుతున్న.
గుంతల సిగ్నలుండదు.
పన్నెండో అంతస్తు తలుపు సందుల
ఒక్క గీత వచ్చింది.
పదకొండూ యాభై రెండు.
నీలి కార్డు బిల్లు మూడు వందల పదకొండు దిర్హాముల ఇరవై నాలుగు ఫిల్సులు.
మూడు, ఒకటి, ఒకటి కొట్టిన.
చుక్క పడలే, గ్రీజు వేలు.
మళ్ల కొట్టిన, పడలే.
పైన పిల్లగాడు ఏడుస్తున్నడు.
పోనీ అనుకున్న,
పావలకు ఎవడేమంటడు?

తలుపు తెరిస్తే పిల్లగాడు
నా హెల్మెట్ లైటు దిక్కు చెయ్యి చాపిండు.

రెండు నెలలకు తెలిసింది.
ఆ పావల గమ్మున కూసోలే,
జుర్మానా తెచ్చుకున్నది, వడ్డీ తెచ్చుకున్నది.
ఏడు వందల రెండు మీద ఉన్న స్కోరు
తాడు తెగినట్టు ఆరు వందల నలభైకి దిగింది.
సెకండ్ హ్యాండ్ పికప్ లోనుకు
మళ్ల రమ్మన్నరు, ఏడాదికి.
కౌంటర్ల పోరడు మంచోడే.
కారణం చెప్తుంటే విన్నడు,
స్క్రీన్ ఇటు తిప్పి చూపిచ్చిండు,
కారణానికి డబ్బా లేదు.

అప్పటి సంది
ఫిల్సులున్న బిల్లుకు పై దిర్హాము నిండ కడుతున్న.
ఇస్మాయిల్ భాయ్ నవ్వుతడు,
బ్యాంకుకు దానం చేస్తున్నవారా అని.

నిన్న నీలి కార్డు లెక్క వచ్చింది.
మైనస్ గుర్తు, పక్కన డెబ్బయి ఆరు ఫిల్సులు.
తప్పేమో అని రెండుసార్లు చూసి
భాయ్‌ని లేపిన.
అద్దాలు పెట్టుకొని చదివిండు.
"తప్పు కాదు, వాళ్లే నీకు బాకీ" అన్నడు.

పైన పేరు చూసిన.
పోశెట్టికి.